వసుమతి ఏ ఊరికి పోవాలె?

చదువరులారా, మన ఇండ్లలో ఒక ఆడపిల్ల బి.ఏ. పాసైతే మనమేం చేస్తాం? ముందు మిఠాయి పంచుతాం. తరువాత చుట్టపక్కాలందరికీ కార్డులు రాస్తాం. ఆ తరువాత ఏం చేయాలో మనలో ఎవరికీ తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడానికి ముందటి వేసవిలో, నాంపల్లిలో రామచందర్ గారి ఇంట్లో కథ సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది.

రామచందర్ గారు గన్‌ఫౌండ్రీలో ఒక దఫ్తరులో గుమాస్తా. ఆయన చెడ్డవాడంటే నా కళ్ళు పోతాయి. ఆడపిల్లకు అంత చదువెందుకని ముక్కు విరిచిన బంధువులందరి చేతా మాట పడి, ఉన్న ఒక్క కూతురు వసుమతిని కాలేజీలో వేసిన మనిషి. ఆ రోజే ఆమెకొక మాట కూడా ఇచ్చాడు. "బి.ఏ. పాసైనవంటే నువ్వు ఏ ఊరంటే ఆ ఊరికి తీస్కపోత బిడ్డా" అన్నాడు. పిల్ల పాసైంది, మంచి మార్కులతో పాసైంది. ఆయన పదిహేను రోజుల సెలవు మంజూరు చేయించుకున్నాడు. ప్రయాణం శనివారం అని నిశ్చయించి, సోమవారం పొద్దున చాయ్ తాగుతూ కూతురిని పిలిచాడు.

"చెప్పు బిడ్డా, ఏ ఊరికి పోదాం?"

వసుమతి ఇండియా పటాన్ని చూడకుండా గీయగల పిల్ల. ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నీకెక్కడికి పోవాలని ఉందని అడిగేసరికి మాత్రం బుర్రలో పటమంతా కలగాపులగమైపోయింది.

"గిండ్ల అడిగేదేముందిరా?" అంది నాయనమ్మ లక్ష్మీనర్సమ్మ. "కాశీకి పోదాం. పిల్ల చదువు అయింది, నా పున్నెం గూడ అయితది."

"పరీక్షలప్పుడు తిరుపతికి మొక్కుకున్న నేను" అంది తల్లి సౌభాగ్య. "మొక్కు తీర్చకుండ ఇంకోతానికి పోతరా ఎవరన్న?"

"మీరు జరాగుండ్రి. బొంబాయికి పోదాం" అన్నాడు రామచందర్. "మా దఫ్తర్ల శ్రీపతి పోయొచ్చిండు. సముద్రం పక్కపొంటి పొద్దుమూకినదాక నడుస్తరంట జనాలు. చదువుకున్న పిల్ల సముద్రం చూడద్దా?"

వసుమతి నాయనమ్మతో, "ఔ నాయనమ్మా, కాశీ మంచిగుంటది" అంది. వంటింట్లో తల్లితో, "ఔ, మొక్కు తీర్చాలె గద" అంది. తండ్రితో బొంబాయికి సరేనంది. ఒక్క పూటలో మూడు ఊళ్ళకు తల ఊపి వచ్చి మంచం మీద కూర్చుంది. ఆమెకు ఎవరినీ మోసం చేయాలని లేదు. మూడు చోట్లా తలాడించిన తరువాత కూడా ఆమెకు ఏ ఊరి మీదా మనసు పోలేదు, అంతే.

ఇక ఆ ఇంట్లో గందరగోళం చూడాలి! నాయనమ్మ గంగనీళ్ళకని రాగిచెంబును చింతపండుతో తోమి తళతళలాడించింది. సౌభాగ్య పసుపుబట్టలో ముడుపు కట్టి దేవుడి అలమార్లో పెట్టింది. రామచందర్ గారు శ్రీపతి ఇంటికి పోయి పరుపుచుట్ట కట్టే కాన్వాసు సంచీ అడిగి తెచ్చాడు. బుధవారం సాయంత్రం ముగ్గురూ మూడు రకాల మూటలతో హాలులో ఒకరికొకరు ఎదురుపడి, "ఏంది గది?" అంటే "ఏంది గిది?" అనుకొని, ముగ్గురూ కలిసి వసుమతి మీద పడ్డారు.

"మనసుల ఏమున్నదో ఒక్క మాట చెప్పరాదే!" అని తల్లి కసురుకుంది.

వసుమతి మనసులో ఏమున్నదో నేను చెబుతాను. ఆమె దిండు కింద ఒక ఉత్తరం ఉంది. సుల్తాన్ బజార్‌లో ఒక తెలుగు ఆడపిల్లల బడి వాళ్ళు రాసింది. తమకు ఒక పంతులమ్మ కావాలని, జూన్ ఒకటో తారీఖున వచ్చి చేరాలని, శుక్రవారంలోగా జవాబు తెలపాలని అందులో ఉంది. ఆ ఉత్తరాన్ని తండ్రికి చూపించింది కూడా. ఆయన రెండుసార్లు చదివి, సంతోషపడి, మడిచి ఆమె చేతికే ఇచ్చాడు.

"మంచిదే. గని రోజు ఎవరు తీస్కపోతరు బిడ్డా? గట్టయ్య బండి గూడ బందయ్యె. ముందుగాల ఊరు చూసొద్దాం. తర్వాత ఆలోచన చేద్దాం."

ఒకటో తారీఖు ఆయన సెలవు రోజుల నడుమనే పడుతుంది. కాశీ అయినా, తిరుపతి అయినా, బొంబాయి అయినా, తిరిగి వచ్చేసరికి ఆ కుర్చీలో వేరే ఎవరో కూర్చుంటారు. కాదని తండ్రితో వాదిద్దామా అంటే, తనకే సుల్తాన్ బజార్ ఏ దిక్కునుందో తెలియదు. దినమూ దాని మీదుగా పోయి కూడా తెలియదు! ఇదేం విడ్డూరమని అడుగుతారు కదూ? గట్టయ్య బండి సంగతి వింటే అర్థమవుతుంది.

ఆ రోజుల్లో మన పట్నంలో మర్యాదస్తుల ఆడపిల్లలు బజారున నడవరు. ఆరు ఇండ్లవాళ్ళు కలిసి ఒక ఎడ్లబండి మాట్లాడుకున్నారు. నాలుగు వైపులా దళసరి ఎర్రగుడ్డ పరదాలు. లోపల ఆరుగురు పిల్లలు. ముందర గట్టయ్య. కాలేజీకి పోవడానికి ముప్పావుగంట, రావడానికి ముప్పావుగంట. పరదా ఎత్తరాదు. మొదటి ఏడు శశికళ అనే పిల్ల ఒకసారి ఆబిడ్స్ దగ్గర పరదా మూల ఇంత పైకెత్తి చూసింది. ఎవరో చూసి ఆమె తండ్రికి చెప్పారు. మరునాటి నుంచి శశికళ బండి ఎక్కలేదు. ఆ పిల్ల చదువు ఆ పరదా మూలతోనే ముగిసింది. తరువాత మూడేండ్లలో మరొక చెయ్యి ఆ గుడ్డ మీద పడలేదు.

ఈ యేడు ఆ ఇండ్లలో ముగ్గురు పిల్లల చదువు అయిపోయింది. బండి ఆగిపోయింది. గట్టయ్య ఎడ్లను అమ్మేసి జనగామ దగ్గర తన ఊరికి పోతూ, గురువారం పొద్దున వీళ్ళింటికి వచ్చాడు. బండిలో గడ్డి కింద దొరికిన పటాల పుస్తకం ఒకటి వసుమతికి ఇచ్చాడు.

"నీదేనట గదమ్మా. నాలుగేండ్ల సంది తీస్కపోయిన, తీస్కొచ్చిన. ఇగ సెలవు. ఏ ఊరికో పోతున్రంట?"

"ఏ ఊరికో ఇంక తెలుస్తలేదు గట్టయ్యా" అంది వసుమతి.

అప్పుడే గంట వినపడింది. ఠంగ్, ఠంగ్ అని పది దెబ్బలు. ఆ ఇంటివాళ్ళు ఏండ్ల తరబడి ఆ గంటను వింటూ ఉన్నారు.

"రైల్ స్టేషన్ల పది కొట్టిన్రు" అంది వసుమతి.

"స్టేషన్ గంట గాదు. గది ఠాణా గంట" అంది నాయనమ్మ.

"ఠాణా గాదత్తమ్మా, కిరస్తానీల గిర్జా గంట" అంది సౌభాగ్య.

గట్టయ్య ముగ్గురి మొహాలూ చూసి నవ్వాడు. "ఏందమ్మా, పరాచికాలా? గది మీ కాలేజీ గంటనే గద. సెలవులైనా చౌకీదారు కొడ్తనే ఉంటడు."

"కాలేజీ గంట ఈడికెట్ల వినొస్తది? ముప్పావుగంట తోవాయె!"

"ఏడ ముప్పావుగంట తల్లీ? గీ గల్లీ దాటితే గోడ. గోడెంబటి పోతె గేటు. నడిస్తే ఐదు నిమిషాలు గూడ పట్టదు."

వసుమతికి మొదట ఆ మాట అర్థం కాలేదు. గట్టయ్య అబద్ధమాడుతున్నాడనుకుంది. తరువాత తానే ఏదో పొరపాటుగా విన్నాననుకుంది. "మరి బండిల అంతసేపు..."

"తిరిగేది గదా! ముందుగాల నిన్ను ఎక్కిచ్చుకునేది. ఆడికెళ్ళి గన్‌ఫౌండ్రీల ఇద్దరు, ఆబిడ్స్‌ల ఒకరు, సుల్తాన్ బజార్‌ల ఒకరు, కోఠిల ఒకరు. గట్ల పట్నమంత తిరిగి, మళ్ళ గీ గల్లీ ముంగట్నుంచే కాలేజీకి వచ్చేది. పొద్దుమూకంగ గూడ గంతే. మీ బాపే చెప్పిండమ్మా. బండి మాట్లాడింది తనే గాబట్టి తన బిడ్డ ముందుగాల ఎక్కాలె, ఆఖర్ల దిగాలె, మూలకు పెద్ద జాగ తన బిడ్డకే ఉండాలె, గదే మర్యాద అని. మీకు తెల్వదా?"

ఎవరికీ తెలియదు. నలభై రెండేండ్ల కింద ఆ ఇంటికి కోడలై వచ్చిన నాయనమ్మకూ తెలియదు. మిద్దె మీదికి ఎక్కినా పిట్టగోడ తలకంటే ఎత్తు, అవతల ఏమున్నదో కనపడదు.

గట్టయ్య దండం పెట్టి వెళ్ళిపోయాడు. వసుమతికి ముందు నవ్వు వచ్చింది. పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. సిగ్గేసింది, కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది. ప్రాణంగా చూసుకునే తండ్రి మీద కోపం తెచ్చుకోవడం ఎట్లాగో ఆమె ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు.

సాయంత్రం రామచందర్ గారు దఫ్తరు నుంచి వచ్చి, కోటు విప్పి, "రేపు టిక్కెట్లు తేవాలె. ఏ ఊరని అనుకున్నవు?" అన్నాడు.

"బాపూ, మా కాలేజీ మన గల్లీ ఎనుకనే ఉన్నదా?"

"ఔ."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కూతురి వంక వెర్రిగా చూశాడు. "చెప్పేదేముందే? నీకు తెలిసే ఉంటదనుకున్న. నాలుగేండ్లు పోయినవు గద!"

"ఎట్ల తెలుస్తది? పరదా ఎత్తొద్దంటివి."

రామచందర్ గారు కోటును మళ్ళీ తొడుక్కొని, మళ్ళీ విప్పాడు. తాను చేసింది మేలా కీడా అన్నది ఆయనకు అంతుపట్టలేదు. మూల జాగా ఇప్పించాడు. మొదట ఎక్కించాడు. కూతురికి ఏ లోటూ చేయలేదనే ఆయన నమ్మకం.

"నేను చూడాలనుకుంటున్న ఊరు దొరికింది" అంది వసుమతి. "మన ఇంటికాడికెళ్ళి సుల్తాన్ బజార్ దాక. నడిచి పోవాలె. రేపు శుక్రవారమే గద, నిజాం సర్కార్ల సెలవు దినం, నీకు దఫ్తర్ లేదు."

"నడిచా! పట్టపగలు? మన గల్లీలకెళ్ళి? నలుగురు చూస్తే నా ఇజ్జత్ ఏమైతదే?"

"బొంబాయిల సముద్రం పక్కపొంటి నడుద్దామంటివి గద?"

"బొంబాయి వేరు. గాడ మనల ఎవరు గుర్తుపడ్తరు?"

ఆ మాట నోటి నుంచి జారిన తరువాత రామచందర్ గారికే అదోలా వినిపించింది. వసుమతి ఆ మాటనే పట్టుకుంది.

"ఎవ్వరు ఎరుగని ఊర్ల నడువచ్చు గని, పుట్టిన ఊర్ల నేను నడువద్దా బాపూ? మరి గీ బి.ఏ. ఎందుకు చదివిచ్చినవు నన్ను?"

నాయనమ్మ రాగిచెంబును చేతిలో తిప్పుతూ అంది: "కాశీకి పోతే నన్ను ఘాట్ దాక నడిపిచ్చే తీస్కపోదువు గదరా కొడుకా. గాడ పోని ఇజ్జత్ గీడెందుకు పోతది? తీస్కపో పిల్లను."

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు వాళ్ళు బయలుదేరారు. రామచందర్ గారు పది అడుగుల ముందు నడిచాడు, తనకూ ఆ పిల్లకూ ఏ సంబంధమూ లేనట్టు. గల్లీ దాటారు. గోడ వచ్చింది. గోడ వెంట పోతే గేటు. వసుమతి అక్కడ నిలబడిపోయింది. ఇంటి గడప నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చింది; మూడు వందల పన్నెండు. నాలుగేండ్లూ తిరిగిన బజార్లన్నీ ఈ మూడు వందల పన్నెండు అడుగుల కోసమేనా అనుకుంది.

ఆబిడ్స్ చేరేసరికి ఆమెకు తల తిరిగింది. జట్కాలు, సైకిళ్ళు, మోటారు హారన్లు, అద్దాల షాపులు. ఏదీ తెలిసిన చోటులా లేదు. రోజూ వచ్చిన దారే కదా, ఒక్క గోడనూ ఎన్నడూ చూడలేదు. భయం వేసి ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. మూసుకోగానే అంతా తెలిసిపోయింది! ఇదిగో రొట్టెలు కాల్చే వాసన, ఇక్కడే బండి ఎడమకు ఒరిగేది. ఇదిగో మోరీ కాలువ మీద రాళ్ళు, ఇక్కడే అందరి తలలూ ఒకదానికొకటి కొట్టుకునేవి. కళ్ళు తెరిస్తే మళ్ళీ ఏదీ తెలియదు. కళ్ళు మూస్తే దారి తెలిసి, తెరిస్తే తప్పిపోయే చదువు చెప్పించాం మనం మన పిల్లలకు. రాస్తుంటేనే నాకు ఒళ్ళు మండుతున్నది.

అంతలో శ్రీపతి ఎదురుపడ్డాడు, రామచందర్ గారికి సంచీ ఇచ్చిన దఫ్తరు మిత్రుడు. "ఏంది భాయ్, బొంబాయి ప్రయాణం రేపేనా?" అని ఆపాడు. వెనుక వస్తున్నది కూతురని చెప్పాలా, వద్దా? రామచందర్ గారు అటూ ఇటూ చూస్తుండగానే, తండ్రి ఆగిన సంగతి గమనించని వసుమతి జనంలో ముందుకు వెళ్ళిపోయింది. ఆయన తిరిగి చూసేసరికి పిల్ల లేదు.

"నా బిడ్డ! నా బిడ్డ ఏది?" అని నడిబజారులో అరిచాడు రామచందర్. ఇజ్జత్ మాట ఆయనకప్పుడు గుర్తుకే రాలేదు.

వసుమతి అప్పటికే దారి తప్పి గన్‌ఫౌండ్రీ వైపు సగం దూరం పోయింది. ముందు తండ్రి కనపడలేదు. ఏడవాలో, వెనక్కి పరుగెత్తాలో తోచలేదు. ఒక మూల జామపండ్ల గంప ముందు ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పుట్టి బుద్ధెరిగిన తరువాత వసుమతి మొదటిసారి బజారులో ఒక కొత్త మనిషిని పలకరించింది.

"అవ్వా, సుల్తాన్ బజార్‌కి ఎట్ల పోవాలె?"

"తప్పొచ్చినవు బిడ్డా" అంది పోశవ్వ. ఆ ముసలమ్మ పేరదే. "ఎనుకకు మర్లి చౌరస్తా కాడ ఎడమచేతికి తిరిగి, గట్లనే సక్కగ పో. తెల్వకుంటే మళ్ళొకరిని అడుగు. అడిగితే ఏమైతది?"

అడిగితే ఏమీ కాలేదు. వసుమతి వెనక్కి తిరిగింది. చౌరస్తా దగ్గర చెమటలు కారుతూ, టోపీ చేత్తో పట్టుకొని పరుగెత్తుకొస్తున్న తండ్రి కనిపించాడు. వెనుక శ్రీపతి. "బాపూ, ఫికర్ చెయ్యకు. తోవ అడిగిన. ఎడమచేతికి పోవాలెనట" అంది. రామచందర్ గారు ఆయాసపడుతూ శ్రీపతి వైపు తిరిగి, "మా బిడ్డ, వసుమతి. బి.ఏ. పాసైంది. ఊరు చూస్తానంటే వెంట వచ్చిన" అన్నాడు. అక్కడి నుంచి ఆయన ముందు నడవలేదు. ఆమె ముందు నడిచింది.

బడి వరండాలో పెద్ద పంతులమ్మ శంకరమ్మ గారు ఉత్తరం చూసి, వసుమతిని కూర్చోబెట్టి, రామచందర్ గారిని అడగాల్సిన మాటే అడిగారు. "అమ్మాయిని దినమూ ఎవరు తీసుకొస్తారండీ? ఇంతకుముందు కుదిరిన ఇద్దరూ తీసుకొచ్చేవాళ్ళు లేక మానేశారు."

రామచందర్ గారు టోపీ సరిచేసుకున్నాడు. "తీస్కరానీకె ఎవరు అక్కర్లేదమ్మా" అన్నాడు. "తోవ ఆమెకెరుకే. తప్పిపోయినా దొరకబట్టుకుంటది. నేను చూసిన."

పన్నెండు గంటల వేళకు వాళ్ళు ఇంటికి తిరిగొచ్చారు. కాన్వాసు సంచీ శ్రీపతికి తిరిగిపోయింది. ముడుపు దసరా సెలవుల దాకా దేవుడి అలమార్లోనే ఉంటుందని సౌభాగ్య గొణుక్కుంటూ కాళ్ళకు నీళ్ళిచ్చింది. అప్పుడే గోడ అవతల గంట మొదలైంది. నాయనమ్మ చెవి పెట్టి పన్నెండు దెబ్బలూ విన్నది. రాగిచెంబును గూట్లో పెట్టింది. చీర కొంగు సవరించుకొని మెల్లగా లేచింది.

"కాశీ ఏడికి పోతది గని, గా గంట కొట్టేతావు నాకు జర చూపియ్యి బిడ్డా. నలభై రెండేండ్ల సంది ఇనుడే గని సూసింది లేదు."

వసుమతి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గడప దాటారు. "ఎన్ని అడుగులే?" అని ముసలామె అడిగితే, "మూడు వందల పన్నెండు" అని మనవరాలు చెప్పడం లోపలికి వినపడింది. రామచందర్ గారు తలుపు మూయకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

అయ్యలారా, పరీక్ష పాసైన మీ అమ్మాయిని ఏ ఊరికి పోదామని తప్పక అడగండి. అంతకుముందు ఇంకొక్కటి అడగండి: "మన ఇంటి నుంచి నీ బడికి తోవ ఏది తల్లీ?" జవాబు రాకపోతే టిక్కెట్లు కొనకండి, ముందు పరదా తీసి, చదివించిన పిల్లను ఆమె పుట్టిన ఊళ్ళో నడవనివ్వండి.